పింజ ఉన్న లింట్, పింజ లేని లింట్

శ్రోతలకు నమస్కారం.

పోయినేడు కార్తీకమాసంలో మా అమ్మ డాలస్‌లో చెల్లెలి ఇంట్లో ఉంది. ఒక ఆదివారం వీడియో కాల్ చేస్తే, బట్టలారబెట్టే మిషన్ ముందు నేల మీద కూర్చుని కనిపించింది. చేతిలో బూడిదరంగు మెత్తటి ముద్ద ఒకటి. అమెరికాలో ఉన్నవాళ్లకు తెలిసిందే. డ్రయర్‌లో ఒక జాలీ ఉంటుంది. బట్టలు వేడిగాలికి దొర్లుతూ ఆరేటప్పుడు వాటి నుంచి రాలే పీచంతా ఆ జాలీకి పట్టుకుంటుంది. ప్రతిసారీ దాన్ని ఒలిచి పారేయాలి.

"ఇదేంటే?" అని అడిగింది అమ్మ. "లింట్ అమ్మా, చెత్తబుట్టలో వేసెయ్" అంది చెల్లి లోపలి నుంచి.

అమ్మ వేయలేదు. చిటికెడు తెంపి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగింది. తర్వాత వేళ్లకు కాస్త విభూది అద్దుకుని వత్తి చేయబోయింది. ఎంత తిప్పినా అది మెలి పడలేదు, పొడిపొడిగా విడిపోయింది. అప్పుడు నావైపు తిరిగి, "చూడ్డానికి దూదిలాగే ఉంది గానీ, దీన్లో పింజ లేదే" అంది.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికిన మనిషిని. లింట్ అన్న మాటకు అర్థం ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. అమ్మ అన్న ఆ ఒక్క మాటతో నాకు దాని రెండు ముఖాలూ విడివిడిగా కనబడ్డాయి. ఈరోజు మీతో చెప్పాలనుకున్నది అదే.

ఆ మాట పుట్టింది పత్తిలో కాదు, అవిసెలో. మనం వేయించి కారప్పొడి కొట్టుకునే అవిసె గింజలున్నాయి కదా, ఆ మొక్కే. పూలు కూర వండుకునే అవిసె చెట్టు వేరు. ఈ చిన్న మొక్క కాండాన్ని నీళ్లలో నానబెట్టి, కొట్టి, దువ్వితే నార వస్తుంది. ఆ నారతో నేసిన బట్టే లినెన్. లాటిన్‌లో మొక్క పేరు లీనుమ్. లినెన్ అక్కడిదే, అవిసె నూనెకు లిన్‌సీడ్ ఆయిల్ అన్న పేరూ అక్కడిదే. కోటు లోపల దర్జీ వేసే లైనింగ్ కూడా ఆ ఇంటి పిల్లే, ఒకప్పుడు లోపలి పొర లినెన్‌తో కుట్టేవారు గనుక. అంతెందుకు, గీతను మనం లైన్ అంటామే, అది కూడా మొదట్లో అవిసె నూలు దారమే. తాపీ మేస్త్రీ గోడ కట్టేటప్పుడు సాగదీసి కట్టే దారం చూడండి, లైన్ అన్న మాట పుట్టుక కళ్లముందే ఉంటుంది. స్కాట్లాండ్‌లో అయితే అవిసె మొక్కనే లింట్ అనేవారు.

తర్వాత ఆ మాట ఆస్పత్రికి చేరింది. పాత లినెన్ దుప్పట్లు, చొక్కాలు ఉతికి, బల్ల మీద పరిచి, కత్తి అంచుతో గీరేవారు. గీరుతుంటే బట్ట మీద మెత్తటి నూగు లేచి వస్తుంది. అదే లింట్. గాయంలో దాన్ని కూరి, పైన గుడ్డ కట్టేవారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది వైపూ దక్షిణాది వైపూ కూడా ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని ఇళ్లలోని పాత బట్టలు గీరి సైనికుల ఆస్పత్రులకు పంపారు. తమ పెట్టెల్లో దాచుకున్న మంచి దుప్పట్లే తీసి ఇచ్చారు. ఎంతో ప్రేమతో చేసిన పని. కానీ సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి వైద్యులకే తెలియదు. ఎన్నో చేతులు మారిన ఆ నూగుతో పాటు చీము పుట్టించే క్రిములు కూడా పుండులోకి వెళ్లేవి. ఆ సంగతి తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఏ తల్లి గీరిన లింట్ ఏ బిడ్డ గాయానికి చేటు చేసిందో!

నాలుగేళ్లు దాటాక ఆ లింట్‌తోనే ఒక మంచి పని జరిగింది. 1865 ఆగస్టు 12న గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీకి పదకొండేళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. బండి చక్రం కాలి మీదుగా పోయింది. ఎముక విరిగి, పైన చర్మం చిట్లింది. ఆ రోజుల్లో అలాంటి గాయమంటే చాలాసార్లు కాలు తీసేయాల్సి వచ్చేది, లేదా ప్రాణమే పోయేది. డాక్టర్ జోసెఫ్ లిస్టర్ లింట్‌ను క్రిములను చంపే కార్బాలిక్ యాసిడ్‌లో ముంచి గాయం మీద వేసి కట్టాడు. చీము పట్టలేదు. ఆరు వారాల్లో ఎముక అతికింది, పిల్లవాడు తన కాళ్లతో తాను ఇంటికి వెళ్లాడు. ఆపరేషన్ అంటే శుభ్రత అని ఇవాళ మనం ధీమాగా ఉన్నామంటే, ఆ దారి వేసిన మొదటి అడుగుల్లో ఇదొకటి. తర్వాత మందుల షాపుల్లో అమ్మిన లింట్ మిషన్ మీద నేసిన నూలుబట్ట. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు నూగు లేచి ఉండేది. ఇప్పుడు గాజుగుడ్డ ఆ చోటు తీసుకుంది.

ఇక పత్తి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మా ఇంటి సంగతి.

మాది పల్నాడులో నల్లరేగడి ఊరు. పత్తి తీత రోజుల్లో ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. మధ్యగదిలో దూలం దాకా పత్తి పోసేవారు. మేం అటక మీంచి దానిలోకి దూకేవాళ్లం. ఆ పత్తికి ఒక వాసన ఉంటుంది, ఎండ వాసన, ఎండిన ఆకు వాసన కలిసి. కొనడానికి వచ్చిన బేరగాడు ముందు బోరెంలోకి చెయ్యి దూర్చేవాడు, లోపల తేమ ఎంతుందో చూడ్డానికి. తర్వాత ఒక చిటికెడు తీసి, గింజ వేరు చేసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగేవాడు. మళ్లీ పేర్చి, మళ్లీ లాగేవాడు. నాలుగైదుసార్లు లాగేసరికి పోగులన్నీ ఒకదాని పక్కన ఒకటి దువ్వినట్టు నిలిచేవి. గోటి మీద పెట్టుకుని ఆ పొడవు చూసేవాడు. అదే పింజ. మన దగ్గర పండే పత్తి పింజ చాలావరకు 28 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇవాళ దాన్ని మిషన్లు కొలుస్తాయి. కానీ మిషన్ చెప్పేదీ ఆ బేరగాడి వేళ్లు చెప్పిందీ ఒకటే సంగతి. అమ్మ డాలస్‌లో చేసింది కూడా అదే పరీక్ష. డెబ్బై దాటిన చేతులు ఆ పని మర్చిపోలేదు.

రైతు అమ్మేది గింజతో ఉన్న పత్తి. జిన్నింగ్ మిల్లులో గింజ విడిపోయాక మిగిలే తెల్లటి దూదిని వ్యాపారంలో లింట్ అంటారు. ఇక్కడ మా నాన్న చాలాకాలం ఒక చిక్కులో పడ్డాడు. పేపర్లో లింట్ ధర వేసేవారు, పెద్ద అంకె ఉండేది. మన చేతికి వచ్చేదేమో క్వింటాల్‌కు ఇంత అని. నడుమ ఇంత తేడా ఎవరు తింటున్నారని ఆయన బాధ. పేపర్లో వేసేది క్యాండీ లెక్క, అంటే ఇంచుమించు 356 కిలోల దూది. క్వింటాల్ పత్తిని జిన్నింగ్ చేస్తే దూది వచ్చేది 33 నుంచి 35 కిలోలే. మిగిలినదాంట్లో అరవై పైచిలుకు కిలోలు గింజ, కాస్త తుక్కు, తరుగు. అంటే ఒక్క క్యాండీ దూది రావాలంటే పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి. గింజ కూడా ఊరికే పోదు. నూనె తీస్తారు, చెక్క గేదెలకు వేస్తారు. ఈ లెక్క ఒకరోజు రాత్రి నోటుపుస్తకంలో వేసి చూపిస్తే నాన్న చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. బేరంలో మోసం ఉండదని నేననను. కానీ ఏ పేరు దేనికో, ఏ తూకం దేనికో తెలిస్తే రైతు అడగాల్సిన ప్రశ్న సూటిగా అడగగలుగుతాడు. రేటు అడిగేటప్పుడు దూది శాతం ఎంతొస్తోందని కూడా అడగండి. పత్తి రైతులెవరైనా వింటుంటే, ఈ ఒక్క సంగతి మీకోసమే చెబుతున్నాను.

దూదిపోగు గురించి ఇంకో మాట. ఒక్కో పోగూ గింజ పైతొక్కలోని ఒకే ఒక్క కణం. కంటికి కనిపించని కణం ఒకటి, పువ్వు విచ్చిన రోజు మొదలుపెట్టి మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. కొన్ని కణాలు కొద్దిరోజులు ఆలస్యంగా మొదలవుతాయి. అవి పెద్దగా సాగవు, గింజను అంటిపెట్టుకుని పొట్టిగా ఉండిపోతాయి. జిన్నింగ్ అయ్యాక కూడా పత్తిగింజ మీద మెత్తగా తగులుతుందే, ఆ నూగు అదే. దాన్ని ఇంగ్లీషులో లింటర్స్ అంటారు. వడికి నూలు చేయడానికి పనికిరాదు. కానీ మంచి కాగితానికి, సెల్యులోజ్‌తో చేసే ఎన్నో సరుకులకు అదే ముడిసరుకు. కాగితం అన్నాను కాబట్టి చెబుతున్నాను, మన జేబులోని నోటు కాగితం కూడా నూటికి నూరుపాళ్లు పత్తే. తెలియక నోటును చొక్కాజేబులో వదిలేసి ఉతికినా చాలాసార్లు బతికి బయటపడుతుందంటే కారణం అదే.

ఇంత విలువైన వస్తువే ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం తోడేస్తుంది. చిన్నప్పుడు నాన్నతో మిల్లుకు వెళ్తే అక్కడి కూలీల కనుబొమలు, మీసాలు తెల్లగా ఉండేవి. పాతికేళ్లవాళ్లు కూడా ముసలివాళ్లలా కనిపించేవారు. నాకు అది తమాషాగా ఉండేది. వాళ్లలో ఒకాయన నాన్నతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఆదివారం బానే ఉంటది బాబాయ్. సోమవారం పొద్దున మిల్లులో అడుగుపెట్టానా, గుండెల మీద బండ పెట్టినట్టే." దాని పేరు బిసినోసిస్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం దాని మొదటి గుర్తు. ఏళ్ల తరబడి ఆ దుమ్ములోనే ఉంటే ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం సన్నటి అవిసెనార బట్ట. మిల్లులో పనిచేసే బంధువు మీకెవరైనా ఉండి, సోమవారం ఆయాసం అంటే జలుబని వదిలేయకండి. డాక్టర్‌కు చూపించండి, చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పండి.

ఇక ఇళ్లలో మిగిలింది పింజ లేని లింట్. నల్ల ప్యాంటు మీద తెల్లగా అంటుకునేది, జేబు మూలలో ఉండలు కట్టేది. నా ఫోన్ ఒకసారి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. బాగుచేసే కుర్రాడు ఫోన్ ఆపేసి, సన్నటి కర్రపుల్లతో ఆ కన్నంలోంచి ముద్ద ఒకటి బయటికి తీశాడు. జేబులోని నూగు రోజూ కొంచెం కొంచెం చేరి, ఛార్జర్ గుచ్చిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దిగి గట్టిపడిపోయింది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటారే, అక్షరాలా అదే. డ్రయర్‌లో పేరుకున్నదైతే ఇంకా ప్రమాదం. ఎండిన పీచు, వేడిగాలి, మూసుకుపోయిన గొట్టం కలిస్తే నిప్పు అంటుకుంటుంది.

కంప్యూటర్‌లోకి లింట్ వచ్చింది కూడా ఈ అర్థంతోనే. 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో స్టీఫెన్ జాన్సన్ ఒక ప్రోగ్రామ్ రాసి దానికి లింట్ అని పేరు పెట్టాడు. సి అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో నడుస్తుంది, పైకి అంతా బాగానే ఉంటుంది. కానీ పేరు పెట్టి వాడకుండా వదిలేసినవి, ఎప్పటికీ పని జరగని చోట ఉండిపోయిన వరసలు, రేపు కొంప ముంచే అజాగ్రత్తలు అందులో ఉంటాయి. మంచి బట్ట మీద నూగు ఏరినట్టు వాటిని ఏరి చూపించడం ఆ ప్రోగ్రామ్ పని. ఇప్పుడు దాదాపు ప్రతి భాషకూ అలాంటిది ఒకటుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు మొదటి నెలలో ఫోన్ చేసి, "పిన్నీ, నా కోడ్ లింట్‌లో ఆగిపోయింది, టెన్షన్‌గా ఉంది" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వెళ్లేవాణ్ని అమ్మ గుమ్మంలో ఆపి, భుజం మీద దుమ్ము దులిపి పంపడం లాంటిదిరా అది అని చెప్పాను.

ఇంగ్లీషు ఒకే మాటను సిరికీ చెత్తకూ కూడా వాడుకుంది. మనవాళ్లు అలా చేయలేదు. చేలో ఉంటే పత్తి. గింజ తీస్తే దూది. గింజ మీద మిగిలితే నూగు. విడదీసి తేలికచేస్తే దూదిపింజ. చుట్టి వడకడానికి సిద్ధం చేస్తే ఏకు. కదురు మీంచి దిగితే నూలు. దూదేకడమే వృత్తిగా ఊరూరా తిరిగిన దూదేకులవాళ్ల పేరులోనే ఆ పని ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇవాళ్టికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి వస్తుంటే తుక్కు, పొట్టి పీచు అక్కడే ఆగిపోతాయి. లింట్‌ను వేరుచేయడానికి అంతకంటే నాజూకైన పనిముట్టు నాకు తెలియదు.

డ్రయర్ జాలీలో ఉండేదాన్ని తెలుగులో ఏమనాలని చెల్లెలి కూతురు అప్పుడే అడిగింది. నేను నిఘంటువు తీసేలోపు అమ్మ చెప్పేసింది. "పింజ లేదుగా, నూగు."

అమ్మ ఊరికి వచ్చేసి ఏడాది కావస్తోంది. నిన్న రాత్రి వీడియో కాల్‌లో వాళ్ల ఇంటి వెనకగది నుంచి ఆ పిల్ల అరుస్తోంది, "అమ్మా, నూగు ఫుల్ అయింది, తీసేయనా?" ఇక్కడ అమ్మ దేవుడి గదిలో కూర్చుని, మన చేలో పత్తికాయ ఒలిచి, గింజలు ఒక్కొక్కటీ పళ్లెంలోకి తీస్తోంది. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కావాలట.

సెలవు.