గాలి ఒక్కటే, పనులు రెండు: ఊపిరితిత్తులను చూసి గీసిన ఫ్యూయెల్ సెల్‌కు పేటెంట్ వస్తుందా?

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో ఒక పేటెంట్ దరఖాస్తును ఎగ్జామినర్, అంటే పేటెంట్ ఆఫీసులో దాన్ని పరిశీలించే అధికారి, కళ్లతో చదవబోతున్నాం. దరఖాస్తు మేము ఊహించుకున్నదే. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు చీలినట్టు కాలువలు చీలే ప్లేట్లతో చేసిన, ఫ్యాను గాలితోనే చల్లబడే ఫ్యూయెల్ సెల్. మన అతిథి మొదట ఫ్యూయెల్ సెల్ ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత పేటెంట్ డ్రాఫ్టింగ్‌లోకి వచ్చారు. మేడం, గాలితో చల్లబరచడంలో అంత కష్టం ఏముంది? ఫ్యాను పెడితే సరిపోదా?

అతిథి: ఫ్యానే పెడతాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. సెల్‌లో ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలిలోని ఆక్సిజన్. మధ్యలో పల్చటి పొర, దాన్ని మెంబ్రేన్ అంటాం. ప్రోటాన్లు ఆ పొర గుండా దాటతాయి, ఎలక్ట్రాన్లు బయటి తీగలోంచి చుట్టూ తిరిగి వస్తాయి. అదే కరెంటు. మిగిలేవి నీరు, వేడి. సిద్ధాంతం ప్రకారం ఒక్కో సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి, కానీ లోడు పెట్టాక 0.6, 0.7 దగ్గర నిలుస్తుంది. 0.6 వోల్టుల దగ్గర 1 కిలోవాట్ కరెంటు తీస్తే, దాదాపు 1.1 కిలోవాట్ వేడి పుడుతుంది.

హోస్ట్: కరెంటు కన్నా వేడే ఎక్కువన్నమాట!

అతిథి: అవును. ఆ 1 కిలోవాట్‌కు రసాయన చర్య కోసం కావలసిన గాలి సెకనుకు 0.6 గ్రాము. ఆ వేడిని గాలితోనే బయటికి పంపాలంటే, గాలి 20 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, సెకనుకు దాదాపు 55 గ్రాములు కావాలి. అంటే 90 రెట్లు! సెల్‌లను వరసగా పేర్చిన దొంతరను స్టాక్ అంటాం. పెద్ద స్టాకుల్లో చల్లబరిచే ద్రవం వేరే కాలువల్లో తిరుగుతుంది కాబట్టి ఈ రెండు లెక్కలకూ పేచీ రాదు. ఓపెన్ క్యాథోడ్ అనే, గాలి వైపు బయటికి తెరిచి ఉండే చిన్న స్టాకుల్లో మాత్రం ఒకే గాలి రెండు పనులూ చేయాలి. చల్లబరచాలంటే జోరుగా వెళ్లాలి. జోరుగా వెళ్తే మెంబ్రేన్‌లోని తడిని ఎత్తుకుపోతుంది. తడి తగ్గితే ప్రోటాన్లు సరిగా కదలవు, రెసిస్టెన్స్ పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, దాంతో ఇంకా వేడి పుడుతుంది. అప్పుడు ఫ్యాను వేగం పెంచుతారు. మళ్లీ ఇంకా ఎండుతుంది.

హోస్ట్: అదొక విషవలయం.

అతిథి: దరఖాస్తు మొదటి పేజీలో ఈ విషవలయం ఉండాలి, అంకెలతో సహా. కానీ చాలా డ్రాఫ్టులు "కోట్ల సంవత్సరాల పరిణామంలో ప్రకృతి..." అంటూ మొదలవుతాయి. నాకు బాధ కలిగేది అక్కడే. ఎందుకంటే ఆ ఇంజినీర్లు నిజంగా కష్టమైన సమస్యను విప్పి ఉంటారు, దాన్ని దాచేసి ఊపిరితిత్తుల బొమ్మను ముందు పెడతారు.

హోస్ట్: కానీ ఊపిరితిత్తులు నిజంగానే గొప్ప డిజైన్ కదా మేడం. దాన్ని చెప్పుకోవడంలో తప్పేముంది?

అతిథి: గొప్ప డిజైనే, నాకూ చాలా ఇష్టం. మన శ్వాసనాళం సుమారు 23 సార్లు చీలుతుంది. మొదటి 16 చీలికల దాకా గాలి ప్రవాహంగా వెళ్తుంది. ఆ తర్వాత గొట్టాలన్నీ కలిపితే వచ్చే అడ్డుకోత వైశాల్యం ఎంత పెరుగుతుందంటే, గాలి దాదాపు నిలిచిపోయి, ఆక్సిజన్ వ్యాపనంతోనే ముందుకు పోతుంది. గొట్టం ఎలా చీలితే శ్రమ తక్కువో సిసిల్ మర్రే 1926లోనే రక్తనాళాల విషయంలో లెక్కగట్టాడు. తల్లి గొట్టం వ్యాసార్థం ఘనం, పిల్ల గొట్టాల వ్యాసార్థాల ఘనాల మొత్తానికి సమానం. రెండు సమాన కొమ్మలైతే ఒక్కోటి తల్లి గొట్టంలో 0.79 వంతు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. మీరు "మా కాలువలు ఊపిరితిత్తుల్లా మర్రే నియమం ప్రకారం చీలుతాయి" అని రాసి ఆపేస్తే, మీ ఆలోచనలో సగం 1926 నుంచీ అందరికీ తెలుసని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు.

హోస్ట్: మిగతా సగం ఫ్యూయెల్ సెల్. దాన్ని వీటితో కలపడం కొత్తే కదా?

అతిథి: అదీ కొత్త కాదు. 2018లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఊపిరితిత్తుల స్ఫూర్తితో చీలే కాలువల ప్లేట్లను 3డీ ప్రింటింగ్‌తో చేసి, ఫ్యూయెల్ సెల్‌లో పెట్టి ఫలితాలు ప్రచురించారు. నాలుగు తరాల చీలికలున్న ప్లేటు, పాములా మెలికలు తిరిగే మామూలు కాలువ కన్నా బాగా పనిచేసింది, ప్రెషర్ డ్రాప్, అంటే కాలువలు దాటేసరికి తగ్గిపోయే ఒత్తిడి, సుమారు సగమే. ఐదో తరానికి వెళ్తే నీరు పేరుకునే ఇబ్బంది వచ్చింది. చూశారా, ప్రకృతి 23 దాకా వెళ్లినా ఈ ప్లేటుకు నాలుగే మేలైంది. ఎగ్జామినర్ ఫ్యూయెల్ సెల్ పేపర్లతో ఆగరు కూడా. ఎలక్ట్రానిక్స్ చల్లబరచడానికి వేడిని బయటికి పంపే, చెట్టులా చీలే దారుల మీద ఏడ్రియన్ బెజాన్ 1990లలోనే రాశారు. హీట్ ఎక్స్‌చేంజర్ల పేటెంట్ల క్లాసులో వెతికితే అలాంటివి ఇంకా దొరుకుతాయి. మనవాళ్లు హెచ్ 01 ఎమ్ అనే ఫ్యూయెల్ సెల్ క్లాసులో మాత్రమే వెతికి "ఏమీ లేదు" అని ధైర్యంగా ఫైల్ చేస్తారు.

హోస్ట్: సరే, ఎగ్జామినర్ పాత పత్రాల్లోంచి మనకు బాగా దగ్గరగా ఉన్న రెండింటిని ఎంచుకున్నారనుకుందాం. తర్వాత?

అతిథి: వాటికి డీ1, డీ2 అని పేర్లు పెడతారు. డీ1 అంటే తిన్నటి కాలువలున్న ఓపెన్ క్యాథోడ్ స్టాక్, ఫ్యానుతో సహా. డీ2 అంటే ఊపిరితిత్తుల ప్లేటు. ఒక్క పత్రంలోనే మీది మొత్తం లేదు కాబట్టి నావెల్టీ, అంటే కొత్తదనం పరీక్ష దాటారు. గట్టి పరీక్ష ఇన్వెంటివ్ స్టెప్. ఈ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న మనిషి డీ1, డీ2 చేతిలో ఉంటే మీ దాకా వచ్చేవాడా? అమెరికాలో 2007 నాటి సుప్రీంకోర్టు కేఎస్ఆర్ తీర్పు తర్వాత, తెలిసిన భాగాలను కలిపితే ఊహించిన ఫలితమే వచ్చిందంటే అది తేలిగ్గా తట్టే విషయమే అనడానికి ఎగ్జామినర్‌కు వీలెక్కువ. యూరప్‌లో ఇంకో పద్ధతి ఉంది. దగ్గరి పత్రం ఏది, దానికీ మీకూ తేడా ఏమిటి, ఆ తేడా తెచ్చిన సాంకేతిక ఫలితం ఏమిటి, అలా తేలిన సమస్యకు ఆ మనిషి ఇదే జవాబు పట్టుకునేవాడా అని వరసగా అడుగుతారు. పట్టుకోగలిగే అవకాశం ఉందంటే చాలదు, పట్టుకోవడానికి కారణం కూడా చూపించాలి.

హోస్ట్: మరి మన ఇంజినీరు ఏం జవాబివ్వాలి?

అతిథి: ఫ్యానును పట్టుకోవాలి. డీ2 ప్లేటును పరీక్షించింది తేమ కలిపిన వాయువును తగినంత ఒత్తిడితో పంపి. ఓపెన్ క్యాథోడ్‌లో ఉన్నది చిన్న ఫ్యాను. అది ఇవ్వగలిగే ఒత్తిడి కొన్ని పదుల పాస్కల్‌లే. అంత బలహీనమైన ఫ్యాను ముందు సన్నటి కొమ్మల ప్లేటు పెడితే గాలి లోపలికే పోదు, స్టాక్ కాలిపోతుంది. అంటే డీ1 తో పనిచేసే మనిషి డీ2 ని చూసి "ఇది మన ఫ్యానుకు పనికిరాదు" అని పక్కన పెట్టేస్తాడు. ఇది చాలా బలమైన వాదన. కాకపోతే ఒక షరతుంది.

హోస్ట్: ఏమిటది?

అతిథి: మీ క్లెయిములో, అంటే దేనికి రక్షణ కోరుతున్నారో చెప్పే వాక్యంలో, ఫ్యాను ఉండాలి, ప్రెషర్ డ్రాప్ హద్దు ఉండాలి, ఆ హద్దులో ఇమిడే కొలతలుండాలి. క్లెయిములో ఉన్నది "కొమ్మలుగా చీలే కాలువలు గల ఫ్యూయెల్ సెల్" అని మాత్రమే అయితే, జవాబులో ఫ్యాను గురించి ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు. క్లెయిములో రాసుకున్న దానికే రక్షణ, వాదన కూడా దాని చుట్టూనే నడవాలి.

హోస్ట్: "ఊపిరితిత్తుల ఆకారంలో" అని క్లెయిములో రాస్తే?

అతిథి: స్పష్టత లేదని వెంటనే అభ్యంతరం వస్తుంది. ఊపిరితిత్తుల్లో ఏ భాగం? ఎన్ని చీలికలు? కొమ్మ వెడల్పు తల్లి కాలువలో ఎంత? చివరి రంధ్రాల మొత్తం వైశాల్యం ఎంత? ఇవన్నీ జ్యామితిగా మారాలి. "గాలి సమానంగా పంచుకునేలా అమర్చిన కాలువలు" అని ఫలితాన్ని రాసి ఊరుకోవడం ఇంకా ప్రమాదం. అమెరికాలో అమెరికన్ యాక్సిల్ కేసు చూడండి. వాహనాల్లో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ తయారీ పద్ధతి అది. పక్కా యంత్ర భాగం. అయినా "కంపనాలు తగ్గేలా ట్యూన్ చేయడం" అని ఫలితాన్నే క్లెయిము చేశారని, అది స్ప్రింగుల గురించిన హుక్ నియమాన్ని వాడమనడమేనని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒక క్లెయిమును కొట్టేసింది. 2022లో సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు నాకు నచ్చలేదు, చాలామంది న్యాయవాదులకూ నచ్చలేదు. కానీ మర్రే నియమం పేరు చెప్పి క్లెయిము రాసేవాళ్లు దాన్ని తప్పకుండా చదవాలి.

హోస్ట్: నాకో సందేహం. ప్రకృతిని ఎంత నమ్మకంగా అనుకరిస్తే పేటెంట్ అంత బలహీనమవుతుందా?

అతిథి: నేను చూసినంతలో, బలం ఎప్పుడూ ప్రకృతి నుంచి పక్కకు తప్పుకున్న చోటే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. స్టాక్‌లో ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పోతుంది. ఊపిరితిత్తుల్లో గాలి ముఖ్యమైన పని ఆక్సిజన్ తేవడం, ఇక్కడ చల్లబరిచేదీ ఆ గాలే. అసలు మన సమస్య ఎండిపోవడం కదా, దానికి ఊపిరితిత్తుల కన్నా ముక్కు దగ్గరి బంధువు. ఎడారిలో బతికే కంగారూ ఎలుకను తీసుకోండి. అది పీల్చిన పొడి గాలి ముక్కు లోపలి గోడల తడిని ఆవిరి చేసి వాటిని చల్లబరుస్తుంది. వదిలే తడి గాలి ఆ చల్లటి గోడలకు తగిలి నీటిని అక్కడే వదిలేస్తుంది. అలా ఒంట్లో నీరు చాలావరకు మిగులుతుంది. ఇప్పుడు స్టాక్ అంచుల్లో తేమను పట్టే భాగాలు పెట్టి, ఫ్యాను దిశను కొంతసేపటికోసారి తిప్పితే? బయటికి పోయే తడి ఒక అంచులో చిక్కి, దిశ మారగానే లోపలికి తిరిగి వస్తుంది.

హోస్ట్: అద్భుతంగా ఉంది! దీనికి పేటెంట్ వస్తుందా?

అతిథి: వెతక్కుండా చెప్పను. దిశ మార్చడం ఒక్కటే అయితే, వెంటిలేషన్ యంత్రాల్లో వేడిని, తేమను తిరిగి పట్టడానికి అలాంటివి ఉన్నాయి. ఎగ్జామినర్ మొదట అక్కడికే వెళ్తారు. అప్పుడు మీ జవాబు మళ్లీ స్టాక్ లోపలికే రావాలి. దిశ మారే క్షణంలో గాలి ఆగుతుంది, వేడి మాత్రం ఆగదు. ఆ విరామం ఎంత ఉంటే మెంబ్రేన్ తట్టుకుంటుంది, ఎంత దాటితే దెబ్బతింటుంది? దాన్ని కొలిచి చూపినవాళ్లకు వెంటిలేషన్ పత్రంలో లేనిది చేతిలో ఉంటుంది.

హోస్ట్: ఆ కొలతలు ఫైలింగ్ నాటికే ఉండాలా? తర్వాత పంపకూడదా?

అతిథి: ఫైల్ చేశాక కొత్త విషయం చేర్చడం కుదరదు, యూరప్‌లో అయితే మరీ కఠినం. ప్రయోగ ఫలితాలను వాదనకు ఆధారంగా తర్వాత ఇవ్వొచ్చు. అయితే 2023లో యూరోపియన్ పేటెంట్ ఆఫీస్ పెద్ద అప్పీల్ బోర్డు జీ 2/21 అనే నిర్ణయంలో చెప్పిందేమిటంటే, ఆ ఫలితం మీ మొదటి దరఖాస్తు చెప్పిన దాంట్లో ఇమిడి ఉన్నట్టు నిపుణుడికి కనిపించాలి. తేమ గురించి ఒక్క ముక్కా రాయకుండా, రెండేళ్ల తర్వాత "మా ప్లేటు తేమను కాపాడుతుంది" అంటూ గ్రాఫులు తెస్తే లెక్కలోకి తీసుకోకపోవచ్చు. అందుకే డబ్బు లేని చిన్న టీములకు నేను పదే పదే చెబుతాను. మొదటి దరఖాస్తు పెట్టాక 12 నెలల్లో ఆ తేదీని ఆధారం చేసుకుని ఇతర దేశాల్లో ఫైల్ చేయొచ్చు కదా, ఆ ఏడాదిని కొలతలకు వాడండి. కొత్తగా తేలినవి రెండో ఫైలింగ్‌లో చేర్చండి. వాటికి రెండో తేదీయే వస్తుంది, అయినా అసలు లేకపోవడం కన్నా మేలే. ఇంకోటి, ఫైలింగ్‌కు ముందు కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టకండి. అమెరికా లాంటి చోట్ల సొంత ప్రచురణకు ఏడాది గడువుంది, యూరప్‌లో అది లేదు. సొంత థీసిస్సే డీ1 అయి కూర్చుంటుంది.

హోస్ట్: అభ్యంతరాల ఉత్తరం వచ్చినప్పుడు చాలామందికి టెన్షన్. ఎగ్జామినర్‌కు అర్థం కాలేదని కోపం కూడా వస్తుంది.

అతిథి: ఆ కోపం అర్థమవుతుంది. కానీ ఆ ఉత్తరాన్ని నెమ్మదిగా చదవండి. మీ పత్రాన్ని ఆ మనిషి వాక్యం వాక్యం చదివి, మీరు వెతకని చోట వెతికారు. ఉత్తరంలో ఏ ఫలితాన్ని వాళ్లు నమ్మలేదో చూడండి. చాలాసార్లు అది మీరు చెప్పకుండా వదిలేసినదే. వీలున్న చోట ఇంటర్వ్యూ అడగండి. ప్లేటు చేత్తో పట్టుకుని "ఇక్కడ ఫ్యాను, ఇక్కడ ఇంత ఒత్తిడి" అని చూపిస్తే, 10 పేజీల జవాబులో చెప్పలేనిది పావుగంటలో చెప్పొచ్చు.

హోస్ట్: చివరికి క్లెయిము చాలా ఇరుకైపోతుంది కదా. ఇన్ని చీలికలు, ఇంత వెడల్పు, ఇంత ప్రెషర్ డ్రాప్. అంత కష్టపడి అంతేనా అనిపించదా?

అతిథి: ఇరుకైనా, కొలవగలిగితే అది పనికొచ్చే పేటెంట్. పోటీదారుడి స్టాక్ తెచ్చి, ప్లేటు కోసి, కాలువలు కొలిచి, అదే ఫ్యాను ముందు పెట్టి ప్రెషర్ చూడొచ్చు. అందుకే ఆ కొలత పద్ధతి కూడా దరఖాస్తులో రాయాలి. ఏ ఉష్ణోగ్రత దగ్గర, సెకనుకు ఎంత గాలితో, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో చెప్పాలి. ఒకే ప్లేటును రెండు ల్యాబులు రెండు రకాలుగా కొలిచి వేరు వేరు అంకెలు తెస్తే, అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే.