"నెట్ రావడం లేదు" అన్నప్పుడు ఏది రావడం లేదు?

నమస్కారం.

"నెట్ రావడం లేదు." ఇంటర్నెట్ వాడే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఇది. కొత్తగా నేర్చుకునేవారికి నేను కంప్యూటర్ పాఠాలు చెబుతుంటాను. వాళ్లు నా దగ్గరికి తెచ్చే మొదటి ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ఇదే. అప్పుడు నేను అడిగేది ఒకటే: "ఏది రావడం లేదు? వైఫైయా, ఇంటర్నెట్టా, వెబ్‌సైటా?" ఆ ప్రశ్న వినగానే చాలామంది తల దించుకుంటారు. తెలియకపోవడం తమ తప్పే అనుకుంటారు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఈ మాటలు రోజూ వాడేవాళ్లు ఎవరూ వాటి అర్థం విడమరిచి చెప్పనప్పుడు కొత్తవారికి ఎలా తెలుస్తుంది? ఇవాళ ఆ పని చేద్దాం.

వైఫై అంటే మీ ఫోనుకూ, గదిలో చిన్న లైట్లు వెలిగే పెట్టెకూ మధ్య తీగ లేకుండా నడిచే రేడియో సంబంధం. ఆ పెట్టె పేరు రూటర్. వైఫై పరిధి అంతవరకే. రెండు గోడలు అడ్డొస్తే బలహీనపడుతుంది. రూటర్ నుంచి బయటికి పోయే తీగ ఉంటుంది చూడండి, ఇంటర్నెట్‌లోకి దారి అక్కడ మొదలవుతుంది. ఆ దారి మనకు కనెక్షన్ ఇచ్చిన సంస్థ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో సంస్థ దగ్గరికి, ఖండాలు దాటాల్సి వస్తే సముద్రంలో పరిచిన కేబుళ్ల దాకా పోతుంది. ఇదంతా ఉపగ్రహాల మీదుగా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఖండాల మధ్య నడిచే సమాచారంలో అత్యధిక భాగం సముద్రం అడుగున, వెంట్రుకంత సన్నని గాజు పోగుల్లో, కాంతి రూపంలో ప్రయాణిస్తుంది.

మూడోది వెబ్‌సైట్. అది ఉండే చోటు సర్వర్. మీరు చూడాలనుకున్న పేజీని తన దగ్గర ఉంచుకున్న కంప్యూటర్ అది. అడిగినవారికి అడిగింది వడ్డిస్తుంది కాబట్టి ఆ పేరు.

ఇప్పుడు మళ్లీ మొదటికి వద్దాం. ఫోనులో వైఫై గుర్తే కనిపించకపోతే ఇబ్బంది రూటర్‌కూ మీకూ మధ్య ఉంది. గుర్తు నిండుగా ఉండి కూడా ఏ పేజీ తెరుచుకోకపోతే రూటర్‌లోనో, దాని అవతలో ఉంది. అన్నీ తెరుచుకుని ఒక్కటి మాత్రం మొండికేస్తే ఆ వెబ్‌సైట్ సర్వర్ పనిచేయడం ఆగిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు మీ రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు, కాసేపు ఆగడమే. మొబైల్ డేటా వాడుతుంటే మధ్యలో రూటర్ ఉండదు, ఫోను నేరుగా టవర్‌తో మాట్లాడుతుంది.

ఈ ఇంటర్నెట్‌కు పూర్వరూపం ఆర్పానెట్. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటర్‌కు "లాగిన్" అనే మాట పంపడానికి ప్రయత్నించారు. ఎల్ వెళ్లింది, ఓ వెళ్లింది, అంతలో అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. దాదాపు గంట తర్వాత మాట పూర్తిగా చేరింది. మొదటిరోజే రెండు అక్షరాల దగ్గర ఆగిపోయిన యంత్రం అది. మీకు మొదటి ప్రయత్నంలో ఏదైనా కుదరకపోతే ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

వేర్వేరు తయారీ కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోవాలంటే ముందుగా ఒక ఒప్పందం ఉండాలి. ఎవరు ముందు పలకరించాలి, చిరునామా ఎక్కడ రాయాలి, అందిందని ఎలా చెప్పాలి, ఇలాంటివి. ఆ ఒప్పందానికే ప్రోటోకాల్ అని పేరు. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీ, ఐపీ అనే ప్రోటోకాళ్లకు మారింది. వాటిని రూపొందించినవారు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్. ఇప్పుడు మీరు ఈ వీడియో చూస్తున్నా, ఎవరికైనా ఫొటో పంపుతున్నా, కింద నడుస్తున్నది ఐపీయే.

ఫొటో అన్నాను కదా, అది ఎలా వెళుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మూడు మెగాబైట్ల ఫొటో అనుకోండి, అంటే సుమారు 30 లక్షల బైట్లు. అది ఒక్క ముద్దగా వెళ్లదు. మీ ఫోను దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క సాధారణంగా 1500 బైట్లకు మించదు. అంటే మీ ఫొటో రెండు వేలకు పైగా ముక్కలవుతుంది. ఈ ముక్క పేరు ప్యాకెట్. ప్రతి ప్యాకెట్ మీదా అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోవాలో, వరసలో ఎన్నోదో రాసి ఉంటుంది. అన్నీ ఒకే దారిన పోవాలన్న నియమం లేదు. వెనక బయలుదేరింది ముందు చేరవచ్చు, కొన్ని దారిలో తప్పిపోవచ్చు. అవతలి ఫోను వాటిని వరసలో పేర్చుకుని, రానివాటి కోసం మళ్లీ కబురు పెడుతుంది. రెండు వేల ముక్కల్లో ఒక్కటీ తగ్గకుండా ఫొటో మళ్లీ ఫొటో అవుతుంది. ఇదంతా సాధారణంగా కొద్ది క్షణాల్లో జరిగిపోతుంది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బఫరింగ్ కూడా దీంతోనే అర్థమవుతుంది. వీడియో ముక్కలు ముందుగా కొన్ని ఒక తొట్టిలో నింపుకుని, అక్కడి నుంచి మీకు చూపిస్తుంటుంది ఫోను. ఆ తొట్టే బఫర్. నిండే వేగం కంటే ఖాళీ అయ్యే వేగం ఎక్కువైతే బొమ్మ ఆగి, గుండ్రటి గుర్తు తిరుగుతుంది. మళ్లీ కాస్త నిండేదాకా ఆగమని దాని అర్థం.

డౌన్‌లోడ్ అంటే అవతలి నుంచి మన దగ్గరికి దింపుకోవడం, అప్‌లోడ్ అంటే మన దగ్గర నుంచి ఎక్కించడం. ఇంతే. కానీ వేగం లెక్కలో ఒక చిక్కుంది. కనెక్షన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. ఇంగ్లిషులో చిన్న బి, పెద్ద బి అని తేడా చూపిస్తారు. తెలుగులో రాసేటప్పుడు రెండూ ఎంబీయే అయిపోతాయి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు గరిష్ఠంగా దిగేది 12.5 మెగాబైట్లే. కనెక్షన్ ఇచ్చినవారు మోసం చేశారని అనుకోకముందు ఒకసారి ఎనిమిదితో భాగించి చూడండి.

ఇప్పుడు వెబ్. ఇంటర్నెట్, వెబ్ ఒకటే అనుకోవడం మామూలే. ఇంటర్నెట్ రోడ్డయితే, ఆ రోడ్డు మీద నడిచే వాహనాల్లో ఒకటి వెబ్. ఈమెయిల్ ఇంకొకటి, వీడియో కాల్ మరొకటి. వెబ్‌ను 1989లో టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించారు. అప్పుడాయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. ఒక పేజీలోని మాటను నొక్కితే ఇంకో పేజీ తెరుచుకోవడం, అంటే లింకు, దీనికి ప్రాణం. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన తేదీ అదే.

వెబ్ పేజీలు చూపించే యాప్‌ను బ్రౌజర్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు. గూగుల్, బింగ్ సెర్చ్ ఇంజన్లు. అంటే ఏ పేజీ ఎక్కడుందో వెతికిపెట్టే వెబ్‌సైట్లు. బ్రౌజర్ లేకుండా వాటిని కూడా చూడలేం. ఈ తేడా ఎందుకంటే, చిరునామా తెలిసిన వెబ్‌సైట్‌కు నేరుగా వెళ్లవచ్చు. ప్రతిసారీ వెతికి వెళ్లనక్కర్లేదు. వెతికినప్పుడు పైన కనిపించేవాటిలో కొన్ని ప్రకటనలు. డబ్బు కట్టి ప్రకటన ఇచ్చినవాడు నిజాయితీపరుడే అయి ఉండాలని లేదు.

చిరునామా దగ్గరికి వచ్చాం. ఇక్కడ నిదానంగా వెళదాం, ఇవాళ్టి పాఠంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటర్‌కూ అంకెల్లో ఒక చిరునామా ఉంటుంది. అది ఐపీ అడ్రస్. పాత పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలకే చోటుంది. అవి చాలకే కొత్త పద్ధతి వచ్చింది. మనుషులకు అంకెలు గుర్తుండవు కాబట్టి వాటికి పేర్లు పెట్టారు. ఆ పేరే డొమైన్. మీ ఫోనులో పేరు నొక్కితే నంబరు కలిసినట్టే, మీరు డొమైన్ రాస్తే దాని అంకెలు వెతికి ఇచ్చే వ్యవస్థ ఒకటుంది. దాని పేరు డీఎన్ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు.

ఒక చిరునామాను నోటితో చదువుతాను, వినండి. హెచ్‌టీటీపీఎస్, రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు, మెయిల్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్, ఒక ఏటవాలు గీత, ఇన్‌బాక్స్. మొదటి రెండు గీతల తర్వాత మొదలుపెట్టి, మళ్లీ ఒంటరి గీత వచ్చేదాకా వెళ్లండి. అక్కడ ఆగి వెనక్కి చదవండి. కామ్, దాని ముందు ఎగ్జాంపుల్. ఎగ్జాంపుల్ డాట్ కామ్. ఈ వెబ్‌సైట్ యజమాని ఎవరో చెప్పేది ఆ రెండు ముక్కలే. దాని ముందున్న మెయిల్ అనేది అదే యజమాని ఇంట్లో ఒక గది.

ఇప్పుడు ఇంకొకటి. ఎగ్జాంపుల్ డాట్ కామ్ డాట్ లాగిన్ డాట్ ఫలానా డాట్ నెట్, ఒక గీత. మొదట కంటపడేది ఎగ్జాంపుల్ డాట్ కామ్. మనకు తెలిసిన పేరే అనిపిస్తుంది. వెనక నుంచి చదవండి. నెట్, ఫలానా. ఇది ఫలానా డాట్ నెట్ వారి ఇల్లు. తన ఇంట్లో గదులకు ఎవరి పేరు పెట్టుకోవాలన్నా ఫలానాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కో డాట్ యూకే లాంటి ముగింపులున్నచోట మాత్రం చివరి మూడు ముక్కలు చూడాలి.

ఇలాంటి చిరునామాతో, నిజమైన వెబ్‌సైట్‌లా కనిపించే పేజీ తయారుచేసి, పాస్‌వర్డ్ రాబట్టడాన్ని ఫిషింగ్ అంటారు. మన భాషలో దానికి అచ్చంగా సరిపోయే మాట ఉంది, గాలం వేయడం. కొన్ని బ్రౌజర్లలో చిరునామా పక్కన తాళం గుర్తు కనిపిస్తుంది, అది ఉంది కదా అని ధైర్యపడకండి. ఆ తాళం, హెచ్‌టీటీపీఎస్ చివరి ఎస్, చెప్పేది ఒకటే: మీకూ ఆ సర్వర్‌కూ మధ్య నడిచే మాటలు దారిలో ఇంకెవరూ చదవలేరని. అవతల ఉన్నది దొంగ అయితే, మీ పాస్‌వర్డ్ ఆ దొంగకు భద్రంగా చేరుతుంది. ఓటీపీ కూడా అంతే. ఒక్కసారికే పనికొచ్చే ఆ అంకెలు, లోపలికి వస్తున్నది మీరేనని రుజువు. ఫోను చేసి వాటిని చెప్పమన్నవాడు మీ పేరుతో లోపలికి పోవడానికి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

ఈమెయిల్ సంగతి. చిరునామా మధ్యలో ఉండే ఆ సున్నా చుట్టిన "ఎ" గుర్తును 1971లో రే టామ్లిన్సన్ ఎంచుకున్నారు. గుర్తుకు ముందున్నది మనిషి పేరు, తర్వాతది ఆ ఉత్తరాలు చేరే చోటు. మెయిల్ రాసేటప్పుడు మూడు గడులు కనిపిస్తాయి. టూ అంటే ఉత్తరం ఎవరికో వారు. సీసీ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ రోజుల్లో కాగితాల మధ్య కార్బన్ పెట్టి తీసిన నకలు నుంచి వచ్చిన పేరు, తెలియడం కోసం పంపే ప్రతి. బీసీసీలో పెట్టినవారి చిరునామా మాత్రం మిగతావారికి కనిపించదు.

ఒకసారి నాకు ఒక సంస్థ నుంచి సమావేశం వాయిదా పడిందని మెయిల్ వచ్చింది. టూ గడిలో వంద మందికి పైగా చిరునామాలున్నాయి, అందరికీ అందరివీ కనిపిస్తూ. ఒకాయన "సరే" అని రిప్లై ఆల్ నొక్కారు. అది వంద మందికీ చేరింది. "నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి" అని ఇంకొకరు మళ్లీ అందరికీ రాశారు. సాయంత్రం దాకా మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. తమ చిరునామా ముక్కూ ముఖం తెలియని వంద మందికి చేరడం ఇష్టంలేనివారు అందులో ఎందరుంటారు? బీసీసీ వాడి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. మీరు ఒకరికొకరు తెలియనివారికి మెయిల్ పంపుతుంటే దయచేసి ఆ మూడో గడి వాడండి.

మెసేజ్‌ల గురించి ఒక చిన్న మాట. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. అందుకేనేమో ఇంగ్లిషులో రాసేటప్పుడు మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టేస్తుంటారు కొందరు. చదివేవారికి అది అరిచినట్టు వినిపిస్తుంది.

చివరగా లాగిన్, లాగవుట్. పాస్‌వర్డ్ ఇచ్చి మీ ఖాతాలోకి వెళ్లడం లాగిన్. అప్పుడు ఆ వెబ్‌సైట్ మీ బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ ఉంచుతుంది. దాన్ని కుకీ అంటారు. మీరు ఇంకో పేజీకి వెళ్లినప్పుడు మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఆ చీటీ చూసి గుర్తుపడుతుంది. పేజీ మూసేసినంత మాత్రాన చాలాసార్లు ఆ చీటీ పోదు, తర్వాత వచ్చి కూర్చున్నవారు అదే వెబ్‌సైట్ తెరిస్తే మీ ఖాతా తెరుచుకుంటుంది. మీది కాని కంప్యూటర్‌లో పని ముగించాక, పైన మూలన మీ పేరో బొమ్మో ఉంటుంది, దాన్ని నొక్కండి. కిందికి తెరుచుకునే జాబితాలో దాదాపు ఎప్పుడూ చివర ఉంటుంది లాగవుట్. అది నొక్కి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగే పేజీ కనిపించాక లేవండి.