రెండోసారి చేసిన పనులు
(టర్మ్ ముగింపు సభలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు దయచేసి ముందుకు రండి, మొదటి రెండు వరుసలూ ఖాళీగానే ఉన్నాయి. ముందు బెంచీ అంటే పిల్లలకే భయమనుకున్నాను, పెద్దలకూ ఉందన్నమాట.

టర్మ్ ముగిసినప్పుడల్లా నేను ఒక రిపోర్టు చదువుతాను. ఎన్ని పోటీలు పెట్టాం, ఎవరికి ఏ బహుమతి వచ్చింది, హాజరు ఎంత. ఈసారి దాన్ని నోటీసు బోర్డులో అంటించాం, వెళ్ళేటప్పుడు చూసుకోండి. కప్పులు నా గదిలో బీరువా మీద ఉన్నాయి, వాటినీ చూడొచ్చు. ఇక్కడ మాత్రం ఈ టర్మ్ గురించి నాకు నిజంగా అనిపించింది చెప్తాను.

ఊపిరి సలపకుండా గడిచిన టర్మ్ ఇది. స్టాఫ్ రూమ్ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టని తేదీలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సైన్స్ ప్రదర్శన, ఆటల పోటీలు, నాటకం, వక్తృత్వం, రెండు యూనిట్ టెస్టులు, ఆపైన టర్మ్ పరీక్షలు. వీటిలో కొన్ని బాగా జరిగాయి. కొన్ని జరిగాయి, అంతే. తేడా ఎక్కడ వచ్చిందా అని పోయిన వారం తీరిగ్గా కూర్చుని చూసుకున్నాను. మొదటిసారి చెడిపోతే మళ్ళీ చేయడానికి ఏ పనికి టైం ఇచ్చామో, ఆ పనే పిల్లలకు ఒంటబట్టింది. టైం లేదని వదిలేసి తర్వాతి కార్యక్రమానికి పరుగెత్తినవన్నీ ఫొటోలుగా మిగిలాయి.

సైన్స్ ప్రదర్శన సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు లఘులోలకం, అంటే దారానికి వేలాడదీసి ఊపే గుండు, ప్రాజెక్టు తీసుకున్నారు. గుండు బరువు మారినా ఊపుకు పట్టే కాలం మారదని చూపించాలి. పాఠంలో ఉన్నదే కాబట్టి ప్రయోగం చేయకముందే చార్టు మీద ఆ వాక్యం రంగు పెన్నులతో రాసేసుకున్నారు. చుట్టూ పూల తీగ కూడా వేశారు.

వారం ముందు ల్యాబ్‌లో మొదలుపెట్టారు. 50 సెంటీమీటర్ల దారం, ఒక చివర చిన్న ఇనప నట్టు. ఒక్క ఊపుకు స్టాప్‌వాచ్ నొక్కితే ఒకసారి 1.2 సెకన్లు, ఒకసారి 1.7, ఇంకోసారి 1.4. కంటికి కనబడింది వేలికి చేరడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అసలు ఊపే సెకనున్నర లోపు అయిపోతుంటే, కొలతలో ఆ ఆలస్యం కలిశాక లెక్క ఏం నిలుస్తుంది? 20 ఊపులు కలిపి కొలిచి 20తో భాగించమన్నారు సారు. అప్పుడు అంకెలు కుదురుకున్నాయి. నట్టుతో 20 ఊపులకు దాదాపు 28.6 సెకన్లు. నట్టు విప్పి అదే దారానికి పెద్ద ఇనప గుండు కట్టారు. 29.5. మళ్ళీ కొలిచారు. మళ్ళీ 29.5 దగ్గరే.

ఇప్పుడు చిక్కు వచ్చింది. పుస్తకం రెండూ ఒకటే అంటోంది. స్టాప్‌వాచ్ కాదంటోంది. చార్టు మీద పూలతీగ ఆరిపోయి కూడా ఉంది. "పుస్తకంలో ఉన్నదే వేసేద్దాం రా, ఎవరొచ్చి కొలుస్తారు?" అన్నాడు ఒకడు. నేను తలుపు దగ్గరే ఉన్నానని వాడికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. కంగారు పడకు నాన్నా, ఆ మాట అనుకోని సైన్స్ విద్యార్థి ఎవరూ ఉండరు.

సారు తప్పు ఎక్కడుందో చెప్పలేదు. "రేపు మళ్ళీ కొలవండి" అని మాత్రం అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. మరునాడు వాళ్ళలో ఒక అమ్మాయి స్కేలు తెచ్చి వేలాడుతున్న గుండు పక్కన నిలబెట్టి చూసింది. లోలకం పొడవంటే దారం పొడవు కాదు, పైన కట్టిన చోటు నుంచి గుండు మధ్య బిందువు దాకా. నట్టు చిన్నది, దాని మధ్య దారం చివర నుంచి ఒక సెంటీమీటరు కింద ఉంది. పెద్ద గుండుకు అది నాలుగు సెంటీమీటర్లు. అంటే వాళ్ళు పోల్చింది 51 సెంటీమీటర్ల లోలకాన్నీ 54 సెంటీమీటర్ల లోలకాన్నీ. గుండు కట్టిన దారాన్ని మూడు సెంటీమీటర్లు తగ్గించి ఊపారు. రెండూ ఒకటే లెక్కకు వచ్చాయి. ల్యాబ్‌లో వేసిన కేక స్టాఫ్ రూమ్ దాకా వినిపించింది.

ప్రదర్శన రోజు వాళ్ళు పాత తప్పు లెక్కల్ని కూడా చార్టులో ఎర్ర గడిలో పెట్టారు. స్టాల్ ముందు సరిగ్గా ఒక మీటరు లోలకాన్ని వేలాడదీశారు. అది వెళ్ళి రావడానికి దాదాపు రెండు సెకన్లు, నిమిషానికి 30 ఊపులు. 1656లో హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త లోలకంతో నడిచే గడియారం చేయించాడని ఆ అమ్మాయి అందరికీ చెబుతుంటే, గోడ గడియారం చూస్తూ నేనూ లెక్కపెట్టాను. వాళ్ళకు వచ్చింది మూడో బహుమతి. నన్ను అడిగితే మొదటిదే ఇచ్చేదాన్ని. న్యాయనిర్ణేతలు ఎదురుగానే ఉన్నారు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇక ఆటలు. 4×100 రిలేలో మన అమ్మాయిల జట్టులో నలుగురూ మంచి పరుగువాళ్ళే. అయినా మొదటి పోటీలో విడివిడిగా వాళ్ళకంటే నెమ్మదైన జట్టు చేతిలో ఓడిపోయారు. బ్యాటన్, అంటే ఒకరి నుంచి ఒకరు అందుకుని పరుగెత్తే చిన్న కర్ర, దాన్ని అందుకునే అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడిపోతోంది, ఇచ్చే అమ్మాయి అది చూసి వేగం తగ్గిస్తోంది. బ్యాటన్ మార్చుకోవడానికి ఇప్పుడు 30 మీటర్ల జోన్ ఉంటుంది, ఒకప్పుడు 20 మీటర్లే. బ్యాటన్ ఆ గీతల మధ్యే చేతులు మారాలి. కాళ్ళు ఎక్కడున్నాయన్నది చూడరు, బ్యాటన్ ఎక్కడుందన్నదే చూస్తారు. పీటీ మేడమ్ రెండు వారాలు వాళ్ళ చేత పూర్తి పరుగు పెట్టించనే లేదు. నేల మీద ఒక గుర్తు పెట్టి, వెనకమ్మాయి ఆ గుర్తు దాటగానే ముందమ్మాయి తిరిగి చూడకుండా పరుగందుకోవడం, కేక వినగానే చెయ్యి వెనక్కి చాచడం. అదే పని, రోజూ అరగంట. చూసేవాళ్ళకు విసుగు పుట్టేది. ఫైనల్లో రెండో స్థానం వచ్చింది. బ్యాటన్ చేతులు మారిన మూడు చోట్లా ఒక్కరూ తల తిప్పలేదు.

అబ్బాయిల జట్టు ఫైనల్లో బ్యాటన్ పడేసింది. దానికి వాళ్ళను ఎవరూ ఏమీ అనకండి. నలుగురిలో ఇద్దరు అదే వారం వక్తృత్వ పోటీలో కూడా ఉన్నారు. ప్రాక్టీసు చేసింది రెండు సాయంత్రాలే. ఆ రెండింటినీ ఒకే వారంలో పెట్టింది నేను.

నాటకం గురించి నవ్వుకోవడమే మిగిలింది. తెర వెనక డైలాగులు అందించే బాబు ఎంత శ్రద్ధగా అందించాడంటే, ప్రతి మాటా మనకు రెండుసార్లు వినిపించింది, మొదట తెర వెనక నుంచి, తర్వాత స్టేజి మీద నుంచి. రాజుగారు చనిపోయే సీన్‌లో కూడా. తర్వాతి వారం మరోసారి వేస్తామని పిల్లలే వచ్చి అడిగారు. పరీక్షలు దగ్గరపడ్డాయని నేను వద్దన్నాను. తప్పు చేశాను. ఒక్క గంట అయ్యేది.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి తల్లిదండ్రులతో రెండు ముక్కలు. మొదటి యూనిట్ టెస్టు తర్వాత లెక్కల మేడమ్ పేపర్లు మార్కులు వేయకుండా ఇచ్చేసరికి నాకు చాలా ఫోన్లు వచ్చాయి. తప్పు పోయిన లెక్క చుట్టూ ఒక గీత మాత్రం ఉంది. పుస్తకం మూసి దాన్ని మళ్ళీ చేయాలి, చేస్తే పోయిన మార్కుల్లో సగం వెనక్కి వస్తాయి. పిల్లలకు టెన్షన్ పెడుతున్నారని కొందరన్నారు. ఇది మేం సరదాకి పెట్టింది కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠ్యాన్ని రెండుసార్లు చదివారు. మిగిలినవాళ్ళు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంటే, చదివినవాళ్ళకు 42 శాతమే. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తిరగేస్తే అంతా వచ్చేసినట్టు ఎందుకుంటుందో, తర్వాత ఎందుకు ఉండదో ఇందులో ఉంది.

"మావాడు రాత్రి రెండింటిదాకా చదివాడండీ" అని కొందరు గొప్పగా చెబుతారు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రెండింటికి పడుకుని ఆరింటికి లేచినవాడికి ఎన్ని గంటలయ్యాయో మా లెక్కల మేడమ్‌ను అడగక్కర్లేదు.

లైబ్రరీని పిల్లలే కొత్తగా సర్దారు. ఇప్పుడు వెతికిన పుస్తకం దొరుకుతోంది. ఆ ఎనిమిదో తరగతి వాళ్ళకు థాంక్స్.

వచ్చే టర్మ్‌లో రెండు కార్యక్రమాలు తగ్గిస్తున్నాం. ఏవేవన్నది స్టాఫ్ మీటింగ్‌లో గట్టిగానే వాదించుకున్నాం, ఇంకా తేలలేదు. తేలింది ఒక్కటే: బుధవారం చివరి రెండు పీరియడ్లలో కొత్తగా ఏదీ పెట్టరు. ఆ వారం చెడిపోయింది ఏదైనా సరే, ప్రయోగం, లెక్క, డైలాగు, బ్యాటన్, అప్పుడు మళ్ళీ చేసుకోవచ్చు. చప్పట్లు ఆపండి, అది ఫ్రీ పీరియడ్ కాదు.

చివరగా వస్తువుల సంగతి. వరండాలో బల్ల మీద ఈ టర్మ్‌లో మీరు మరిచిపోయినవన్నీ పెట్టాం. నీళ్ళ సీసాలు 14, జామెట్రీ బాక్సులు 3, ఎడమ కాలి బూటు ఒకటి. ఒక్క బూటుతో ఇంటికి ఎలా వెళ్ళారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మీవి మీరు తీసుకెళ్ళండి. అలాగే ల్యాబ్‌లో ఉండాల్సిన పెద్ద ఇనప గుండు కనబడటం లేదు. ఎవరి సంచిలో ఉందో వాళ్ళకు తెలుసు, నాకూ కాస్త తెలుసు. స్కూలు తెరిచిన రోజున సారుకు ఇచ్చేయండి.