ఆఫీసు గోడ మీది పేర్లు: ఆస్ట్రేలియా ఆనర్ బోర్డులపై చర్చ

(పాల్గొన్నవారు: యాంకర్, చరిత్ర అధ్యాపకుడు, వడ్రంగం నిపుణుడు, పరిరక్షకురాలు)

యాంకర్: నమస్కారం. ఆస్ట్రేలియాలో పాత బ్యాంకులు, రైల్వే వర్క్‌షాపులు, పోస్టాఫీసుల్లో గోడకి పెద్ద చెక్క ఫలకం కనిపిస్తుంది. పైన చెక్కిన శిఖరం, రెండు పక్కలా సన్నటి స్తంభాలు, మధ్యలో బంగారు అక్షరాల్లో ఉద్యోగుల పేర్లు. వీటినే ఆనర్ బోర్డులంటారు. సార్, ఇవన్నీ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లేనా?

చరిత్ర అధ్యాపకుడు: కాదండీ, వెళ్లినవాళ్లందరివీ. పోయినవాళ్ల పేరు పక్కన చిన్న సిలువ గుర్తో, చుక్కో ఉంటుంది. కొన్నిటిలో వాళ్లకి వేరే వరస ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విదేశాలకు వెళ్లి పోరాడిన ఆస్ట్రేలియా సైన్యమంతా స్వచ్ఛందంగా చేరినవాళ్లే. నిర్బంధ సేవ పెట్టనా అని ప్రభుత్వం 1916 అక్టోబరులో, 1917 డిసెంబరులో అడిగితే జనం రెండుసార్లూ వద్దన్నారు. సుమారు 4,16,000 మంది చేరారు, 60,000 మందికి పైగా చనిపోయారు. చేరడం ఎవరి ఇష్టం వారిది కాబట్టే, చేరినవాళ్ల పేరు గోడకెక్కింది. చాలా బోర్డులు యుద్ధం నడుస్తుండగానే పెట్టారు. ఆ ఆఫీసులో ఉండిపోయిన కుర్రాడికి ఆ జాబితా రోజూ ఏం చెబుతుందో ఊహించుకోండి. దాన్ని గౌరవ చిహ్నంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు.

యాంకర్: కొన్నిటి మీద 1914–1918, కొన్నిటి మీద 1914–1919 అని ఉంటుంది...

చరిత్ర అధ్యాపకుడు: కాల్పుల విరమణ 1918 నవంబరు 11న. వెర్సాయ్ సంధి 1919 జూన్ 28న. ఎవరు దేన్ని ముగింపు అనుకుంటే అది రాయించారు. తప్పు రాశారని దిద్దకూడదు.

యాంకర్: ఏ కర్ర వాడేవారు?

వడ్రంగం నిపుణుడు: క్వీన్స్‌లాండ్ మేపుల్, టాస్మేనియా బ్లాక్‌వుడ్, రెడ్ సీడర్, సిల్కీ ఓక్. సిల్కీ ఓక్ పేరుతో రెండు మూడు చెట్లున్నాయి. వాటిలో గ్రెవిల్లియా రొబస్టా మనకి తెలిసిందే, అరకు కాఫీ తోటల్లో నీడకీ మిరియాల తీగకీ పెంచే సిల్వర్ ఓక్. దుంగని కేంద్రం వైపు కోస్తే పలక మీద మెరిసే మచ్చలు పడతాయి. అందం అదే. కానీ దాని రంపపు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, చేతులు కప్పుకునే పని చేయాలి.

యాంకర్: కట్టుబడిలో కీలకం ఏది?

వడ్రంగం నిపుణుడు: పలక కదలడానికి చోటు. 600 మిల్లీమీటర్ల వెడల్పు పలకలో తేమ 12 శాతం నుంచి 8 శాతానికి తగ్గితే, దుంగ వలయాలకి సమాంతరంగా కోసిన కర్ర అయితే ఐదారు మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. కేంద్రం వైపు కోసినదైతే అందులో సగం. అందుకే పలకని చట్రం గాడిలో జిగురు లేకుండా కూర్చోబెడతారు. తరువాతి తరంలో ఎవరో ‘వదులుగా ఉంది’ అని నాలుగు మూలలా మేకులు కొడతారు. హీటర్ పెట్టిన మొదటి చలికాలంలో పలక నిలువునా చీలుతుంది, అదీ సరిగ్గా పేర్ల మధ్యలోంచి. ఆకులు, జెండాలు, ఉదయించే సూర్యుడి చిహ్నం (ఆస్ట్రేలియా సైన్యం బ్యాడ్జి) లాంటి చెక్కడాలు సాధారణంగా విడిగా చెక్కి అతికించినవి. అప్పటి జిగురు తోలు ఉడికించి తీసింది, చెమ్మ తగిలితే వదులుతుంది. మళ్లీ అదే జిగురుతో అతికించాలి. ఎపాక్సీ పెడితే ఇంకెప్పుడూ విప్పలేం.

యాంకర్: మరి ఆ బంగారం?

వడ్రంగం నిపుణుడు: మంచి బోర్డులో అసలు బంగారు రేకు. ముందు కాగితం మీద పూర్తి కొలతలో పేర్లన్నీ వేసుకోవాలి. అన్నిటికంటే పొడుగు పేరే వరస వెడల్పుని నిర్ణయిస్తుంది. చెక్కకి షెల్లాక్, అంటే మన లక్కే, పూసి ఆరనిచ్చి, పైన సుద్దపొడి అద్ది దులపాలి. లేకపోతే రేకు అక్షరం బయట కూడా అంటుకుంటుంది. తరువాత నూనె సైజు, అంటే రేకుని పట్టి ఉంచే నూనె జిగురు, పల్చగా, అక్షరం మేరకే పూయాలి. వేలి కణుపు తాకిస్తే అంటుకోకుండా కిచ్‌మని చప్పుడు రావాలి, అప్పుడు రేకు పెట్టాలి. తొందరపడితే బంగారం మునిగి మెరుపు పోతుంది, ఆలస్యమైతే పట్టదు. రేకు 80 మిల్లీమీటర్ల చదరం, పుస్తకానికి 25. అక్షరం 15 మిల్లీమీటర్ల ఎత్తు, పేరు 200 పొడవు అనుకుంటే రేకుని నాలుగు పట్టీలుగా కోయాలి, పేరుకి మూడు పట్టీలు. 60 పేర్లకి 45 రేకులు. వృథా కలిపితే మూడు పుస్తకాలు దగ్గర పెట్టుకోవాలి.

పరిరక్షకురాలు: అందుకే ఖర్చు తగ్గించాలని ‘గోల్డ్ పెయింట్’తో దిద్దుతారు. అందులో ఉండేది ఇత్తడి పొడి. కొన్నేళ్లకి గోధుమ రంగులోకి తిరుగుతుంది. అసలు బంగారం పక్కన మచ్చలా కనిపిస్తుంది, తీయబోతే అడుగున ఉన్న పాత రేకూ ఊడుతుంది.

యాంకర్: శుభ్రం ఎలా చేయాలి మేడమ్?

పరిరక్షకురాలు: మెత్తటి బ్రష్షుతో దుమ్ము ఎత్తడం, వాక్యూమ్ గొట్టం మూతికి సన్నటి వల కట్టి దాన్ని పక్కన పట్టుకోవడం. అక్షరాల మీద నీళ్లు, స్పిరిట్ వద్దు. స్పిరిట్‌కి షెల్లాక్ కరుగుతుంది. సిలికాన్ స్ప్రే అసలు వద్దు, తరువాత ఏ పూతా అంటదు. అవిసె నూనె పూస్తే నల్లబడి జిగటగా మారి దుమ్ము పడుతుంది.

యాంకర్: పురుగు?

పరిరక్షకురాలు: రంధ్రం కనపడగానే మందు కొట్టొద్దు. పొడి చూడండి. పిండిలా మెత్తగా ఉంటే లిక్టస్ పురుగు. అది చేవ జోలికి పోదు, చుట్టూ ఉండే తెల్ల చెక్కలోని పిండిపదార్థం కోసమే వస్తుంది, ఎక్కువగా కర్ర కొత్తగా ఉన్న రోజుల్లోనే. కింద నల్ల కాగితం పరచి కొన్ని వారాలు చూస్తే, కొత్త పొడి రాలుతోందో లేదో తేలిపోతుంది.

యాంకర్: ఆఫీసు మూసేస్తే బోర్డు ఏమవుతుంది?

చరిత్ర అధ్యాపకుడు: అక్కడే చాలా పోతాయి. న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్‌లకి యుద్ధ స్మారకాల రిజిస్టర్లున్నాయి, ముందు అందులో ఉందో చూడాలి.

పరిరక్షకురాలు: విప్పే ముందు ప్రతి పేరూ చదవగలిగేంత ఫొటోలు, వెనుక వైపు కూడా. చేసినవాళ్ల పేరు అక్కడే ఉండొచ్చు. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం పలకే సుమారు ఇరవై కిలోలుంటుంది, శిఖరం కలిస్తే ఇద్దరు తప్పనిసరి. ఏటవాలు కోసిన రెండు పట్టీల మీద వేలాడదీయాలి, ఒకటి గోడకి, ఒకటి బోర్డుకి. వెనుక గాలి ఆడేంత సందు వదలండి. బయటి గోడ, ఏసీ గాలి తగిలే చోటు వద్దు.

యాంకర్: చివరిగా, ఒక ఉద్యోగి పేరు వదిలేశారని ఇప్పుడు తేలితే?

చరిత్ర అధ్యాపకుడు: ముందు ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్)లో సైనిక సేవా రికార్డు చూడాలి, ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. మారుపేరుతో చేరినవాళ్లున్నారు, కాబట్టి దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా పోల్చుకోవాలి.

వడ్రంగం నిపుణుడు: తేలాక పాత పలక మీద ఇరికించొద్దు. అదే జాతి కర్రతో చిన్న పట్టీ చేసి, పేరుతో పాటు చేర్చిన సంవత్సరం కూడా రాసి, బోర్డు కింద గోడకే విడిగా బిగించండి.