ఆ గరుకును తుడిచేయకండి

సభకు నమస్కారం. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవారికి మరో నమస్కారం. ఇవాళ్టి సినిమా ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’, ఫ్రాన్స్ పాలన మీద అల్జీరియా జనం చేసిన స్వాతంత్ర్య ఉద్యమం గురించి. కథ చెప్పను, కాసేపట్లో మీరే చూస్తారు. దర్శకుడు జిల్లో పొంటెకోర్వో, కెమెరా మార్చెల్లో గాటి, 1966లో వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్. పరిచయం ఇంతే. నేను మాట్లాడాల్సింది ఈ సినిమా బొమ్మలోని గరుకు గురించి.

ఈ సినిమా చూసి ‘ప్రింటు పాడైంది’ అనేవాళ్లున్నారు. పాడవలేదండీ, కావాలనే అలా చేశారు. తీసిన నెగెటివ్ నుంచి పాజిటివ్, ఆ పాజిటివ్ నుంచి మళ్లీ నెగెటివ్ వేశారు. ఇలా నకలుకు నకలు తీస్తే నడిమి బూడిదరంగులు సన్నగిల్లుతాయి, తెలుపు ఎండలా కొడుతుంది, గ్రెయిన్, అంటే ఫిల్ము మీది రేణువుల గరుకు, లావెక్కుతుంది. అప్పటి జనం వార్తాచిత్రాల్లో చూసిన బొమ్మ అదే. అందుకే అమెరికాలో విడుదలైనప్పుడు, ఇందులో ఒక్క అడుగు ఫిల్ము కూడా న్యూస్‌రీల్‌ది కాదని ముందే తెరమీద చెప్పాల్సి వచ్చింది.

గుంపుల సన్నివేశాల్లో టెలిఫోటో లెన్సు చూడండి. దూరంనుంచి తీస్తే వెనకున్న మనుషులు ముందువాళ్ల వీపులకు అతుక్కున్నట్టుంటారు. పదిమంది పాతికమందిలా కనిపిస్తారు. కెమెరా చేతిలో ఉంటుంది, కాస్త వణుకుతుంది. దగ్గరికి వెళ్లలేకపోయిన విలేకరి చూపు అది.

ఉద్యమంలోని ముగ్గురు స్త్రీలు అద్దం ముందు వేషం మార్చుకునేచోట మాటలుండవు, డప్పులే. తర్వాత వాళ్లలో బాంబు తెచ్చిన ఒకామె కళ్లతో కెమెరా ఒక్కో ముఖం మీద ఆగుతుంది. ఐస్‌క్రీమ్ తింటున్న పసివాడి మీద కూడా. సినిమా ఎవరి పక్షాన ఉన్నా ఆ బిడ్డను దాచలేదు. దయచేసి అక్కడ ఫోన్ చూసుకోకండి!

మళ్లీ గరుకు దగ్గరికే వస్తాను, నా బాధ అదే. ఇవాళ్టి టీవీలూ, ప్రొజెక్టర్లూ గ్రెయిన్‌ను మురికి అనుకుంటాయి. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే అల్జీర్స్ పాతబస్తీ కస్బా గోడల పెచ్చులు పోతాయి, ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. మోషన్ స్మూతింగ్ సెకనుకు 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టిస్తుంది. ఉద్యమం టీవీ సీరియల్‌లా నున్నగా జారిపోతుంది. షార్ప్‌నెస్ పెంచితే మనుషుల చుట్టూ తెల్లగీత వస్తుంది. పైనా కిందా సన్నని నల్లపట్టీలు ఉండాల్సినవే, బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు. తెర నిండాలని జూమ్ చేస్తే పక్కల ఉన్న మనుషులు తెగిపోతారు.

ప్రొజెక్టర్ దగ్గరున్న తమ్ముడూ, మెనూలో ఆ మూడూ ఆపెయ్యి నాన్నా. జూమ్ ముట్టుకోకు. వెనక తలుపు తెర కూడా వెయ్యండి, ఆ వెలుతురు పడితే నలుపు బూడిదవుతుంది. ఇక మొదలుపెట్టండి.