హద్దురాయి కింద పారే నీరు

సభకు నమస్కారం.

మన సొంత నిర్ణయాలు ఎదుటివారి బతుకును ఎలా తాకుతాయో చెప్పమని నిర్వాహకులు కోరినప్పుడు, కరవు ప్రాంతంలో కూర్చున్న మనకు బోరుబావిని మించిన ఉదాహరణ అక్కర్లేదనిపించింది.

రైతు తన పొలంలో, తాను తెచ్చిన అప్పుతో బోరు వేయించుకుంటాడు. దీనికి ఎవరినో అడగాలని అతనికి తోచకపోవడం సహజమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సైతం, నిర్దిష్టమైన పాయగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందనే చెప్పింది. కానీ రాయలసీమలోనూ, తెలంగాణలోని చాలా భాగంలోనూ అడుగున ఉన్నది గట్టిరాయి. నీరు నిలిచేది దాని పైనున్న శిథిల పొరలోనూ, కింది పగుళ్లలోనూ మాత్రమే. ఒక పగులు అనేక పొలాల కింద నుంచి సాగవచ్చు గనుక, ఒకరు లోతుకు వెళ్లి తోడితే పక్కవారి బోరు వట్టిపోతుంది. అతను మళ్లీ అప్పు చేసి ఇంకా లోతుకు దిగుతాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. రైతుకు ‘అత్యాశ’ అని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది, ముఖ్యంగా ట్యాంకరు నీళ్లు కొనుక్కుని అవి ఏ ఊరి బోరులోవో ఆరా తీయని నగరవాసులు అలా మాట్లాడినప్పుడు.

నష్టం అందరికీ ఒకేలా ఉండదు. నీరు చాలకపోతే వరి రైతు ఒక కారు పంట వదులుకుంటాడు. అనంతపురంలో చీనీ (బత్తాయి) తోట వేసినవారికి ఒక్క వేసవి నీరందకపోయినా ఏళ్ల తరబడి పెంచిన చెట్లు పోతాయి. కాబట్టి ఇంకో ఎకరం వరి నాటేవారు ఆ తోట గురించి ముందే తెలుసుకోవాలి. సానుభూతి అంటే నా దృష్టిలో ఈ తెలుసుకోవడమే; తోట ఎండాక వెళ్లి పరామర్శించడం కాదు.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు అనుమతి, నమోదు తప్పనిసరి చేసినా, ఆచరణ బలహీనంగానే మిగిలింది. దానికంటే నన్ను ఆకట్టుకున్నది ఆ దశాబ్దంలోనే ఏడు కరవు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం. వానను, బోర్లలో నీటిమట్టాన్ని రైతులే కొలిచి, ఊరి గోడ మీద రాసి, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుంది, ఎన్ని ఎకరాలకు సరిపోతుంది అని లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయాలన్నది చివరికి ఎవరి ఇష్టం వారిదే. అయితే తన ఎకరం వరి ఊరి నీటిలో ఎంత తీసుకుంటుందో చూశాక చాలామంది తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలకు మళ్లారు. బలవంతం చేయలేని పనిని ఆ గోడమీది అంకెలు చేశాయి.

ఆ లెక్కల సమావేశాలకు బోరు లేని కూలీ కుటుంబాలను కూడా పిలవాలని నా విన్నపం. వారు చుక్క నీరు తోడకపోయినా, ఊరి తాగునీటి బోరు అడుగంటిన రోజున బిందె పట్టుకుని ముందుగా నడిచేది ఆ ఇళ్ల ఆడవాళ్లే.