రంగుల కాగితం, పక్కనున్నవారి మాట

అంగన్‌వాడీ టీచర్లకు, పసిపిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల చేతికి రంగులిచ్చి వారి మాటలను ఎలా పెంచవచ్చో చెప్పమన్నారు. రంగుల పుస్తకం తనంతట తాను ఒక్క పదమైనా నేర్పదు. కాగితం మీద బిడ్డ చెయ్యి కదులుతున్నంతసేపూ పక్కన కూర్చున్నవారు ఏం మాట్లాడుతున్నారన్నదే ముఖ్యం. క్రేయాన్ల డబ్బా బిడ్డ ముందు పెట్టి ఫోనులో మునిగిపోతే ఆ డబ్బాకు పెట్టిన డబ్బు దండగే.

బిడ్డ గీత గీయగానే "ఇదేం రంగు?" అని పరీక్ష మొదలుపెట్టడం మనకు అలవాటు. నిజానికి రంగుల పేర్లు పిల్లలకు ఆలస్యంగా పట్టుబడతాయి. బంతిని చేత్తో పట్టుకోవచ్చు గాని ఎరుపును విడిగా పట్టుకోలేం. బంతిలోనూ, పండుమిరపకాయలోనూ, అమ్మ చీరలోనూ ఉన్నది ఒకటేనని పోల్చుకోవడానికి బిడ్డకు సమయం కావాలి. కాబట్టి బంతి, పాలు, కుక్క అని చక్కగా చెప్పే రెండేళ్ల పిల్ల ఎరుపును నీలమంటే కంగారుపడనక్కర్లేదు.

వంకాయ బొమ్మనే తీసుకుందాం. పాప ఊదారంగు క్రేయాన్ పట్టుకుని, వంకాయను వదిలేసి, కాగితం మూలన చుక్కలు పెడుతోంది. "అక్కడ కాదు, ఇక్కడ వెయ్యి" అని చెయ్యి లాగితే సంభాషణ అక్కడితో సరి. "చుక్కలు పెడుతున్నావా? టక్ టక్! ఇదేమో పెద్ద చుక్క, ఇదేమో చిట్టి చుక్క" అంటే, పాప చూపు ఉన్నచోటికే మాట వెళ్లి చేరుతుంది. బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువు పేరు చెబితే, చూపు మళ్లించి చెప్పినప్పటికన్నా ఆ పేరు బాగా పట్టుబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ టొమసెల్లో, ఆయన సహచరుడు 1986లో ప్రచురించిన పరిశోధన చూపింది. కాసేపటికి పాపే బొమ్మ మీద వేలు పెట్టి "కాయ" అంటుంది. "అవునమ్మా, వంకాయ. దీనికి తొడిమ ఉంది చూడు. తొడిమకు ముళ్లుంటాయి, గుచ్చుకుంటాయి" అని, వంటింట్లోంచి నిజం వంకాయ తెచ్చి జాగ్రత్తగా తాకించండి. తొడిమ, ముల్లు, గుచ్చుకోవడం అనే మూడు మాటలూ పాపకు వేలికొసతో సహా తెలుస్తాయి.

పేర్లతోపాటు పనుల మాటలు కూడా కావాలి. రంగులాట వాటికి గని వంటిది: గీయడం, రుద్దడం, అద్దడం, పులమడం, ముంచడం, చెరపడం, ఆరబెట్టడం, ఒలకడం. క్రేయాన్ విరిగితే "అయ్యో, విరిగిపోయింది, రెండు ముక్కలైంది" అనండి. విరిగిన క్షణంలో విన్న మాటకు వివరణ అక్కర్లేదు. ఆ చిన్న ముక్కను మాత్రం వెంటనే తీసేయండి, నోట్లో పెట్టుకుంటారు. మొదటినుంచీ లావుపాటి క్రేయాన్లు ఇవ్వడం మేలు.

అమెరికాలో సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ 1978లో ప్రచురించిన అధ్యయనం ఒకటి మనకు పనికొస్తుంది. బడిలో మూడు, నాలుగేళ్ల పిల్లలతో, పాఠంలా కాకుండా మాటల మధ్యలో, "ఆ క్రోమియం పళ్లెం తీసుకురా, నీలం రంగుది కాదు, క్రోమియంది" అన్నారు. రంగు పేరుగా వాడిన ఆ 'క్రోమియం' అన్న మాట పిల్లలకు కొత్త. అయినా నీలం కాని పళ్లేన్ని పోల్చుకోగలిగారు. తరువాత పరీక్షించినప్పుడు కొందరిలో ఆ మాట జాడ ఇంకా మిగిలే ఉంది. మన పిల్లలు వారికన్నా చిన్నవాళ్లు, ఒక్కసారి వింటే చాలదు. కాని పద్ధతి అదే: "ఎర్రది కాదు, చిలకాకుపచ్చది ఇవ్వమ్మా" అని పనిలో పనిగా, రోజూ అనాలి.

కొన్న రంగులే కావాలన్న నియమమేమీ లేదు. పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం, పెరటి బచ్చలిపండ్లు చాలు. బచ్చలిపండును చిదిమితే వేళ్లు ఊదారంగులోకి తిరుగుతాయి. చిదమడం, కారడం, అంటుకోవడం, కడుక్కోవడం అన్నీ ఒక్క పండులోనే దొరుకుతాయి. బట్టలు పాడవుతాయన్న మాటా నిజమే, పాతవి తొడగండి.

చివరగా, వేసిన బొమ్మను చెత్తబుట్టలో పడేయకండి. పాప అన్న మాటను ఆమె అన్నట్టే, ముద్దు పలుకైనా సరే, మూలన తేదీతో రాసి గోడకు అంటించండి. సాయంత్రం తాతయ్య వచ్చాక ఆ కాగితం దగ్గరికి తీసుకెళ్లి, "పొద్దున ఏం చేశావో తాతకు చెప్పు" అనండి. ఆమె "టక్ టక్" అని ఊరుకుంటే, "చుక్కలు పెట్టావా?" అని తాతయ్య అందుకోవాలి.